బెర్లిన్ వీథులలోని ఇనుప పంపులు

ప్రాచీన వస్తువనగానే దానిని అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయుట లోకుల అలవాటు. బెర్లిన్ నగరము తన వీథి పంపుల విషయమున వేరు త్రోవ తొక్కినది. అచట నేటికిని సుమారు 2,000 చేతిపంపులు కాలిబాటల ప్రక్కన నిలిచి యున్నవి. వానిలో 19వ శతాబ్దపు పోత ఇనుప పంపులును కలవు. 1725లో వెలసిన లౌహ్‌హామర్ పోతశాలలో తయారైన పంపుల అలంకారము చూడదగినది. నీరు తోడు పనిముట్టుకు అంత సింగారమేల యనవచ్చును. వీథివారందరు నిత్యము చేయి వేయు వస్తువు గదా!

1945లో యుద్ధము నగరములోనికి వచ్చి కొళాయిలు ఎండిపోయినప్పుడు జనులు బొక్కెనలతో బారులు తీరినది ఈ పంపుల యొద్దనే. విద్యుత్తు లేకున్నను ఇవి నీరిచ్చును. ఆపత్కాలమున అక్కరకు వచ్చుననియే ప్రభుత్వము వానిని నిలిపినది.

పాత పంపు ప్రాణమంతయు లోపలి తోలు వాషరులో నున్నది. తడిగా నున్నంత కాలమే అది గొట్టమునకు బిగిసి యుండును. వాడుక తప్పి ఎండెనా, ముడుచుకొనును. ఆ పైన పిడి ఎంత ఆడించినను గాలియే గాని నీరు రాదు. కనుక రంగు పూసి గొలుసు వేసిన పంపును రక్షించితిమనుట మాటవరుసకే. లండనులో 1854 నాటి కలరాకు మూలమని డాక్టర్ జాన్ స్నో గుర్తించిన పంపునకు నేడు నమూనా మాత్రమే కలదు. నాడు పిడి తొలగించినందుకు గుర్తుగా దానికి పిడియే లేదు! అది స్మారకము, బెర్లిన్‌వి పంపులు.

అచటను మరమ్మతు లేక మూలబడినవి ఉన్నవి. పెక్కింటిపై త్రాగరాదను హెచ్చరికయు నున్నది. అయినను వానలు తప్పిన వేసవులలో ఆ వీథులవారు ఈ నీటినే తోడి ఇంటి ముందరి చెట్లకు పోయుచున్నారు.