బొమ్మ ముందు, అక్షరము తరువాత

1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు ‘వపా’ యను పొట్టి సంతకముతో ‘చందమామ’ ముఖపత్రములపై దశాబ్దముల తరబడి నిలిపిన వర్ణశోభ, అక్షరమెఱుగని పసివారిని సైతము పుస్తకమువైపునకు లాగుననుట అతిశయోక్తి కాదు. అట్టి బొమ్మ నొకదానిని విజయనగర ప్రాంతపు టింట రెండేండ్ల మనుమని ముందుంచి, “ఏటి బాబూ, గుర్రం ఎటెల్తంది?” అని మామ్మ యడుగగా, వాడు వ్రేలితో తోకను తడవి, నాలుక తాటించి గిట్టల చప్పుడు చేయగా, తాతయు తువ్వాలునే కళ్లెముగా నోట గఱచి వసారాలో గుఱ్ఱమై నడచును. నాటికి పుట మరలకపోయిన నేమి? బిడ్డ చూపినదాని పేరు స్పష్టముగా పలికి, వాని మాటకై క్షణకాలము వేచియుండుటయే ముఖ్యము; అక్షరములను గుర్తింపుమని త్వరపెట్టుట మాత్రము, నా మతమున, ఆటను చెఱచును. మఱునాడును ఆ పుస్తకమే కావలెనని మారాము చేసినచో, తల్లిదండ్రులారా, విసుగుకొనక దానినే తెఱవుడు.