మద్రాసు పద్ధతి

మద్రాసు పద్ధతి అనగా ముందుగా పాఠము నేర్చిన విద్యార్థులు వెనుకబడిన విద్యార్థులకు బోధించు విధానము. దీనిని 'మానిటర్ పద్ధతి' అని కూడా అంటారు. 18వ శతాబ్దం చివర మద్రాసులో రూపుదిద్దుకొని, 19వ శతాబ్దంలో ఇంగ్లాండుకు, తరువాత అనేక దేశాలకు వ్యాపించినది. దీనికి ఆద్యుడుగా ఆండ్రూ బెల్ ప్రసిద్ధుడు. అయితే దీని మూలాలు దక్షిణ భారతదేశపు వీధిబడులలో ఉన్నవని ఆనాటి అధికారులే వ్రాసి ఉన్నారు.

ఆండ్రూ బెల్

బెల్ (మార్చి 27, 1753 - జనవరి 27, 1832) స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో జన్మించెను. 1787లో భారతదేశమునకు వచ్చి, 1789లో మద్రాసు ఎగ్మోరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యెను. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టదలచెను. ఉపాధ్యాయులు అందుకు సమ్మతించకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేళ్ళ విద్యార్థికి ఆ పని అప్పగించెను. ఆ ప్రయోగం ఫలించినది. బెల్ 1796లో స్వదేశానికి వెళ్ళి, 1797లో ఈ అనుభవాలను పుస్తకంగా ప్రచురించెను.

జోసెఫ్ లాంకాస్టర్

దాదాపు అదే కాలంలో లండనులో జోసెఫ్ లాంకాస్టర్ (1778 - 1838) ఇటువంటి బడినే నడిపెను. కాగితం ఖర్చు తగ్గించుటకు అతడు పలకలను విరివిగా వాడెను. ఈ పద్ధతికి మూలపురుషుడెవరను విషయమై ఇరువురి అనుచరుల నడుమ తీవ్ర వివాదం నడిచినది.

దత్త మండలాల వీధిబడులు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ విద్యపై వివరాలు సేకరించుటకు ఆదేశించెను. 1823లో బళ్ళారి కలెక్టరు, తెలుగు వ్యాకరణకర్త అయిన ఎ.డి. కాంప్‌బెల్ పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పుచు తమ చదువును గట్టిపరచుకొను తీరు మెచ్చదగినదని, ఇంగ్లాండు దానిని అనుకరించుట సముచితమని అతడు వ్రాసెను. ఇసుకవ్రాతను బడి నుండి గ్రహించితినని చెప్పిన బెల్, విద్యార్థులచే బోధింపజేయుట మాత్రం తన కల్పనేనని వాదించెను. కాంప్‌బెల్ మాటలు ఈ వాదానికి విరుద్ధముగా ఉన్నవి.

ఆ బడులలో లోపాలూ కలవు. అర్థం తెలియకనే పద్యాలు వల్లెవేయించుటను కాంప్‌బెల్ విమర్శించెను. మొత్తం విద్యార్థులలో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. ఇంగ్లాండులోను ఈ పద్ధతి యాంత్రికమను విమర్శకు గురై, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పెరిగిన కొలది 19వ శతాబ్దంలోనే వెనుకబడినది.

మార్కాపురం పలకలు

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాలలో బళ్ళారితో పాటు కంభం, మార్కాపురం ప్రాంతము కూడా ఉన్నది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండి, 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినవి. ఇసుక స్థానంలో పలక బడికి వచ్చిన తరువాత ఇచ్చటి పలకరాయికి గిరాకీ ఏర్పడినది. పొరలు పొరలుగా చీలు ఈ రాతిని పలుచగా కోసి, నునుపు చేసి, చట్రం బిగించి బడిపలకలు తయారు చేసెడివారు. నోటుపుస్తకాలు పెరిగిన తరువాత బడిపలకల వాడకం తగ్గినది. ఈ రాతిని గృహనిర్మాణంలోను వాడుచున్నారు.

ఈ పరిశ్రమలో పిల్లలు కూడా పని చేసెడివారు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానంలో ప్రత్యేక పథకాలు చేపట్టవలసిన పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటిగా పేర్కొనబడినది. తోటి పిల్లల చేతికి పలక అందించిన బాలలకు అక్షరాలు దిద్దు అవకాశం కల్పించుట ఆ పథకాల ముఖ్యోద్దేశాలలో ఒకటి.

బెల్ స్మృతి

బెల్ తన సంపదను విద్యాసంస్థలకు వ్రాసి ఇచ్చెను. ఆ ధనముతో 1833లో సెయింట్ ఆండ్రూస్‌లో ప్రారంభమైన పాఠశాలకు 'మద్రాస్ కాలేజీ' అని పేరు. అతని సమాధి లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఉన్నది.