రెగ్గెటాన్ గానము – స్త్రీ యాత్మగౌరవము

2017వ సంవత్సరమున 'దెస్పసీతో' యను స్పానిషు పాట లోకమంతట మాఱుమ్రోగినది. భాష తెలియకున్నను మన పిల్లలు గూడ దానిని పాడుకొనిరి. ఆ పాటలోని తాళము రెగ్గెటాన్ అను గానపద్ధతికి చెందినది. ఈ పాటలు చెవిని బెట్టదగినవి కావని పెద్దలు కొందఱందురు. వారి మాట పూర్తిగ నసత్యము కాదు. అయినను ఆ గానమునందే యొక స్త్రీ నిలిచి పలికిన మాట మనమందఱము వినదగినది.

ఈ గానము కూలిజనుల కష్టమునుండి పుట్టినది. 1904 మొదలు 1914 వఱకు పనామా కాలువను త్రవ్వుటకై జమైకా, బార్బడోసు ద్వీపములనుండి నల్లజాతి కూలీలు వేలకొలదిగ వెళ్లిరి. వారి సంతతివారు తరువాతి కాలమున జమైకా పాటల బాణీలకు స్పానిషు మాటలు గూర్చి పాడిరి. ఆ పద్ధతి ప్యూర్టోరికో ద్వీపమును జేరి, 1990 తరువాత బీదల వాడలలో క్రొత్తరూపము దాల్చినది. షాబా ర్యాంక్స్ అను జమైకా గాయకుని పాటవలన 'డెంబో' యని పేరొందిన తాళమే దీనికి ప్రాణము.

1995లో సాన్ హువాన్ నగరమున పోలీసులు, ఈ పాటలు అసభ్యములని, అంగళ్లపై బడి కాసెట్లను పట్టుకొనిపోయిరి. 2002లో వెల్దా గోన్సాలెస్ అను సభ్యురాలి పూనికతో అచటి సెనేటునందు బహిరంగ విచారణ జరిగినది. స్త్రీని కేవలము విలాసవస్తువుగ జూపిన పాటలు పెక్కులుండుటయే యిందులకు కారణము.

పురుషులే నిండిన యా గోష్ఠిలో ధైర్యముతో నడుగిడిన యువతి మార్తా ఇవెలిస్సె పెసాంతె. 1972లో అన్యాస్కో అను నూర జన్మించి, 'ఐవీ క్వీన్' అను పేర ప్రసిద్ధి గాంచినది. ఆమె కంఠము కోకిలకంఠము కాదు, గంభీరమైనది. 2003లో నామె పాడిన 'కియెరో బైలార్' అను పాటకు 'నాకు నాట్యమాడవలెనని యున్నది' యని యర్థము. నీతో నాట్యమాడుట నా వేడుక. అంతమాత్రమున నీ వెంట వత్తునని తలంపకుము అనుట దాని సారాంశము. స్త్రీ నవ్విన నంగీకారమనియు, మాటాడిన చనువనియు నెంచు పురుషు లే దేశమున లేరు? వారికిది తగిన యుత్తరము.

ఆ మాట వృథా కాలేదు. 2020లో బ్యాడ్ బన్నీ యను గాయకుడు, ఒంటరిగ నాట్యమాడదలచిన స్త్రీని బాధింపరాదని తెలుపు పాటను స్త్రీవేషము ధరించి ప్రదర్శించెను. 2023లో కొలంబియా గాయని కరోల్ జి వెలువరించిన 'రేపు బాగుండును' అను నర్థముగల స్పానిషు గీతసంపుటి అమెరికా బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానము నందెను. స్పానిషున పాడిన స్త్రీ కా గౌరవము దక్కుట యదియే మొదలు.

కావున, తల్లులారా! పిల్లలు వినుపాటను వినినంతనే కసరుకొనక, దాని యర్థమేమని యడుగుడు. పొల్లును చెఱిగి గింజను నిలుపుకొనుట మన చేతులకు క్రొత్త గాదు. 'వలదు' అని చెప్పు ధైర్యమును కూతునకును, ఆ మాటను మన్నించు మర్యాదను కుమారునకును ఇంటనే నేర్పుదము.