ఎండ కాసిన రోజు రాత్రే జాగ్రత్త

చలికాలంలో మా వార్డులు ఎప్పుడు నిండుతాయో మాకు అనుభవం మీద కొంత తెలుసు. మబ్బు పట్టిన రాత్రులు కాదు. మబ్బులు విడిపోయి పగలంతా చక్కగా ఎండ కాసిన రోజు రాత్రి. ఆయాసంతో తెల్లవారుజామున వచ్చిన ఒక పెద్దాయనను "ఇన్‌హేలర్ వాడారా తాతగారూ?" అని మా సిస్టరు అడిగితే, "ఎండ బాగానే ఉంది గదమ్మా, ఇక చలెక్కడిదిలే అనుకున్నా" అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు.

మబ్బు భూమికి దుప్పటి వంటిది. నేల పగలు పుచ్చుకున్న వేడిని రాత్రి వదులుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలకపోతే ఆ వేడి పైకి పోయి, నేల దగ్గరి గాలి చల్లబడుతుంది. పొగ, దుమ్ము కూడా పైకి పోలేక అక్కడే నిలుస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇది రెండింతల కష్టం.

మన దేశంలో చలి ఎక్కువగా ఉత్తరం నుండి దిగుతుంది. మధ్యధరా సముద్రం వైపు పుట్టిన వెస్టర్న్ డిస్టర్బెన్సులు ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా వచ్చి కాశ్మీరులో మంచు, పంజాబులో వాన కురిపిస్తాయి. అవి దాటిపోయాక ఆకాశం తేటపడి, ఉత్తరపు పొడిగాలులు ఆదిలాబాదు దాకా వస్తాయి. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీలకంటే కిందికి పోవడం కొత్త కాదు. సముద్రం పక్కనున్న మచిలీపట్నం వారికి ఆ బాధ తక్కువ. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మబ్బులు కమ్మి మనకు చలి తగ్గినట్లుంటుంది. అది పోగానే మళ్ళీ మొదలు.

మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేక అంతకు తక్కువై, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు పడిపోతే వాతావరణ శాఖ దానిని శీతల గాలులుగా లెక్కిస్తుంది. హెచ్చరికకు రంగులున్నాయి: పసుపు అయితే గమనిస్తూ ఉండండి, నారింజ అయితే సిద్ధంగా ఉండండి, ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడండి. వారం తర్వాతి సంగతి కంటే రేపటి సూచన, ఎల్లుండి సూచన నమ్మదగినవి. రేడియోలోనో, శాఖవారి మౌసమ్ యాప్‌లోనో సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. పసుపు రంగు కనబడితే మేము నెబ్యులైజర్లు, అదనపు దుప్పట్లు సిద్ధం చేసుకుంటాము. మీరు బి.పి. మాత్రలు అయిపోకుండా చూసుకోండి. చలికి రక్తనాళాలు ముడుచుకొని బి.పి. పెరుగుతుంది. పసికందును తల్లి రొమ్ముకు ఆనించి, తలకు టోపీ పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి.

ఇక కుంపటి సంగతి. మాకు అన్నిటికంటే భయం దానితోనే. తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్న ఒక కుటుంబం తలనొప్పి, వాంతులతో వచ్చి, రాత్రి తిన్న కూర పడలేదని చెప్పారు. అది కూర తప్పు కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తల తిరిగితే ముందు తలుపులు తెరిచి అందరినీ బయటకు తెచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.