నిప్పుల మీద కాఫీ గింజ

పచ్చి కాఫీ గింజను ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ వాసన రాదు. ఎండుగడ్డి వాసన వస్తుంది. మనకు తెలిసిన ఆ పరిమళం పొయ్యి మీద, పది పదిహేను నిమిషాల్లో పుడుతుంది. ఇథియోపియాలో ఈ పుట్టుక అతిథుల కళ్ల ముందే జరుగుతుంది. ఇంటావిడ పచ్చి గింజలు కడిగి, బొగ్గుల కుంపటి మీద పెనం పెట్టి వేయిస్తుంది. పొగలు చిమ్మే ఆ పెనాన్ని అందరి దగ్గరికీ తిప్పి వాసన చూపించి, తర్వాత గింజల్ని దంచి 'జెబెనా' అనే మట్టి కూజాలో కాస్తుంది.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా పచ్చి గింజలు దొరికితే ఈ పని మనమూ చేసుకోవచ్చు.

బొగ్గే ఎందుకు? కట్టెను గాలి ఆడకుండా కాల్చి బొగ్గు చేసేటప్పుడే పొగనిచ్చే పదార్థాలు చాలావరకు పోతాయి. మిగిలిన కర్బనం దాదాపు పొగ లేకుండా కణకణలాడుతూ, పరారుణ కిరణాలుగా వేడి వెదజల్లుతుంది. ఆ వేడి తీవ్రమైనది. అందుకే నిప్పుల మీద పల్చగా నివురు పట్టాకే మూకుడు పెట్టాలి. ఆ బూడిద పొర వేడిని కాస్త అణుస్తుంది. ఇక చేతికి విరామం ఉండదు. మూకుడుకు ఆనిన వైపు మాడుతుంటే రెండో వైపు పచ్చిగా మిగులుతుంది కనుక, గింజలు పల్చగా పోసి కలుపుతూనే ఉండాలి. పని ఆరుబయట పెట్టుకోండి. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.

పచ్చి గింజలో పది పన్నెండు శాతం తేమ ఉంటుంది. ముందు అది ఆవిరవుతుంది. గింజ పసుపు రంగుకు తిరిగి, గోధుమ రంగుకు మళ్లేటప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి వందలాది కొత్త పదార్థాలవుతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ వివరించిన చర్య ఇదే. ఇక్కడ పుట్టే వాటిలో ఫర్‌ఫ్యూరైల్ థయాల్ అనే గంధక సమ్మేళనం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. లేశమాత్రంగా ఉంటే అది కమ్మటి కాఫీ వాసన, గాఢంగా ఉంటే ముక్కు మూసుకోవలసిన కంపు.

ఇక పని చెవిది. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి గింజలు పేలాల్లా చిటపటమంటూ ఉబ్బుతాయి. పైపొట్టు రాలుతుంది. ఈ చప్పుడు సద్దుమణిగినప్పుడు దింపితే పులుపూ తీపీ తెలుస్తాయి. ఇంకాసేపు ఉంచితే మరింత సన్నని రెండో చిటపట మొదలవుతుంది, నూనె పైకి తేలుతుంది, చేదు పెరుగుతుంది. నా ఓటు మొదటిదానికే. ఆ తర్వాత గింజ ఏ కొండ మీద పండిందో నాలుకకు తెలియకుండా పోతుంది. నల్లగా వేగితే కెఫీన్ పెరుగుతుందన్నది అపోహ, అది పెద్దగా మారదు.

దింపినా లోపలి వేడితో గింజ వేగుతూనే ఉంటుంది. వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసి విసరాలి. చల్లారాక చాటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. 100 గ్రాములు వేస్తే 85 గ్రాముల దాకా మిగులుతాయి. కొన్ని రోజులపాటు గింజలు కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి కాబట్టి, మొదటి రోజు డబ్బా మూత బిగించకుండా వదులుగా పెట్టండి.