పెదవుల చాటు కంఠము

రఘునాథపల్లిలో, కాజీపేట–సికింద్రాబాదు రైలుమార్గమునకు చేరువనున్న ఒక మిత్రుని ఇంట, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి కచేరీ వీడియోను తొలిసారి ఆద్యంతము చూచితిని. రైళ్ల రొదలో వినబడకపోయిన చరణములకై క్యాసెట్టును వెనుకకు త్రిప్పి మరల మరల వింటిమి.

చలనచిత్రమున నేపథ్యగాయకుడు నటుని పెదవుల చాటున అదృశ్యుడై యుండగా, కచేరీ చిత్రము ఆయనను వెలుగులోనికి తెచ్చి, ఊపిరి ఎచ్చట తీసికొనుచున్నాడో, వాద్యబృందమునకు కనుసైగతో లయ నెట్లు అందించుచున్నాడో, పల్లవికి మరలునప్పుడు ముఖమున మెరయు తృప్తి యెట్టిదో మనకు చూపును. గ్రామఫోను రికార్డు ఈ రహస్యమును చెప్పజాలదు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి విషయమున ఈ భాగ్యము మనకు పెద్దగా దక్కలేదు. 1922లో చౌటపల్లిలో జన్మించి, విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శుశ్రూషలో సంగీతము నభ్యసించి, 1971లో అమెరికా, ఐరోపా దేశములలో కచేరీలు చేసిన ఆ మహనీయుడు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసెను. ఇంటింట వీడియోకు దారితీసిన వీ.హెచ్.ఎస్. పద్ధతి జపానులో వెలువడినది 1976లో. రెండేండ్ల ఎడము! అందువలననే ఆయన మనకు ప్రధానముగా స్వరమై మిగిలెను.

బాలుగారి తరమువారి కచేరీలు మాత్రము మన ఇండ్లలోనే క్యాసెట్లుగా పడియున్నవి. ఆ అయస్కాంత ఫీతా శాశ్వతము కాదు. తేమకు బూజుపట్టును, ఏండ్లు గడచిన కొలది పూత రాలిపోవును, ఆడించు యంత్రములును అరుదగుచున్నవి. మీ పెట్టెలో అట్టి క్యాసెట్టు ఉన్నచో, ఈ నెలలోనే దానిని డిజిటల్ రూపమునకు మార్పించుడు.