డెబియన్ భాండారంలో తెలుగు అక్షరాల మూట
కట్టేవారికి జీతం లేదు. హక్కు పత్రం లేనిదే ప్రవేశం లేదు

వాడరేవు (మా విలేఖరి): ఇక్కడి ఒడ్డున పడవ దిగిన చేప ఉన్నపళంగా ఊరు దాటదు. రకాలు వేరు చేయాలి, తూకం వేయాలి, ఐసు పరిచి పెట్టెకెత్తాలి. కంప్యూటరు కోసం రాసిన సాఫ్ట్‌వేరు సంగతీ అంతే. నలుగురికీ అందేలా మూట కట్టేదాకా అది రాసినవారి దగ్గరే ఉండిపోతుంది. ఆ మూటనే ప్యాకేజీ అంటారు.

కంప్యూటరును నడిపే ఉచిత సాఫ్ట్‌వేరు లినక్స్. ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి శ్రీకారం చుట్టారు. దానికి వేలాది ప్యాకేజీలు జోడించి ప్రపంచమంతటికీ ఉచితంగా పంచే బృందాల్లో పేరెన్నికగన్నది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రారంభించారు. ఇందులో పనిచేసేవారు స్వచ్ఛంద సేవకులు. వీరి వార్షిక సభ 2023లో మన పొరుగునే, కేరళలోని కొచ్చిలో జరిగింది.

మన కవులూ ఉన్నారు

తెలుగు అక్షరాల రూపాలు కంప్యూటరులో లేకపోతే తెర మీద డబ్బాలే కనిపిస్తాయి. ఆ ఇబ్బంది తీర్చే మూటలు డెబియన్ భాండారంలో ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరాలు ఒక మూటలో ఉన్నాయి. సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన అక్షరాలు 'తెలుగువిజయం' పేరుతో మరొక మూటలో చేరాయి. ఆ సంస్థ ఒక అక్షరానికి మన తెనాలి రామకృష్ణుని పేరే పెట్టడం విశేషం.

మూట కట్టేదెలా?

ముందుగా 'ఈ పని నేను చేపడుతున్నాను' అని బృందానికి తెలియజేయాలి. ఒకే పనిని ఇద్దరు చేసి శ్రమ వృథా కాకుండా ఈ ఏర్పాటు. తరువాత అసలు సరుకుకు కొన్ని కాగితాల వంటి ఫైళ్లు జత చేయాలి. మూట పేరేమిటి, ఎందుకు పనికొస్తుంది, అది పనిచేయడానికి ఇంకేమి కావాలి అన్నవి ఒక దానిలో ఉంటాయి. ఎప్పుడు ఏ మార్పు జరిగిందో ఇంకొకటి చెబుతుంది. ఎలా కట్టాలో మరొకటి చెబుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది హక్కు పత్రం. ధృవీకరించిన విత్తనాల సంచికి చీటీ ఎంతో దీనికి ఇది అంత. ఎవరు తయారుచేశారు, ఇతరులు వాడుకోవచ్చా, మార్చుకోవచ్చా, పంచవచ్చా అన్నది స్పష్టంగా ఉండాలి. అక్షరాలు ఎంత అందంగా ఉన్నా ఈ అనుమతి లేకపోతే అసలు భాండారంలోకి రానివ్వరు. సిలికానాంధ్ర తన అక్షరాలకు అటువంటి అనుమతి ఇచ్చింది కనుకనే వాటికి దారి దొరికింది.

తప్పులు పట్టే 'లింటియన్' అనే సాధనంతో మూటను పరీక్షిస్తారు. కట్టింది కొత్తవారైతే, అనుభవం గల సభ్యుడొకరు చూసి తన పూచీ మీద పంపాలి. ఆపై భాండార నిర్వాహకులు హక్కు పత్రాన్ని మరొకమారు చదువుతారు. అన్నీ సరిపడితే మూట మొదట 'అస్థిర' విభాగంలో చేరుతుంది. కొద్దిరోజుల్లో పెద్ద లోపాలేవీ బయటపడకపోతే 'పరీక్ష' విభాగానికి పోతుంది. సుమారు రెండేళ్లకొకసారి వెలువడే 'స్థిర' విడుదలలో అందరికీ అందుతుంది. అటువంటి విడుదలే 2025 ఆగస్టు 9న వచ్చిన 'ట్రిక్సీ'.

అనాథ కాకూడదు

మూట కట్టడంతో పని తీరదు. కొత్త విడుదల వచ్చినప్పుడల్లా సరిచూడాలి, వచ్చిన ఫిర్యాదులు తీర్చాలి. చూసేవారు మానుకుంటే దాన్ని 'అనాథ' అనే జాబితాలో వేస్తారు. ఎవరూ దత్తత తీసుకోకుండా లోపాలు పెరిగితే చివరకు భాండారం నుండి తొలగిస్తారు కూడా.

ఒత్తు ఎక్కడ తప్పిందో, గుణింతం ఎక్కడ చెదిరిందో తెలుగు చదివేవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ఆ లోపాన్ని రాసి పంపినా సేవే. దానికి పట్టా అక్కరలేదు, రుసుము లేదు. బాపట్ల, చీరాల, తెనాలి, రేపల్లెలలో కంప్యూటరు చదువుతున్న యువతీయువకులు ఇటువైపు దృష్టి సారిస్తే మన అక్షరాలు అనాథలు కాకుండా ఉంటాయి.